మాట యిచ్చినవారు, మాట మోసినవారు

ఎన్నికలలో ఓడిన పక్షమువారి దుఃఖము ఫలితములు వెలువడిన నాటి రాత్రితో చాలవరకు తీరిపోవును. గెలిచిన పక్షమునకు ఓటు వేసినవారి దుఃఖము ఆ తరువాతనే, మెల్లమెల్లగా మొదలగును. ఈ రెండవ దుఃఖమును గూర్చి వ్రాయువారు తక్కువ. ప్రతిపక్షమువారు వ్రాసినచో అది యెత్తిపొడుపుగా కనబడును. అధికారపక్షమువారు వ్రాయనే వ్రాయరు. ఇంటిపని ముగించుకొని, కూలి మానుకొని, వరుసలో నిలిచి, నమ్మి ఓటు వేసి వచ్చిన స్త్రీల సంగతి గనుక ఈ నెల మన శీర్షికలో దానిని ముచ్చటింపదలచితిని.

సూర్యాపేట జిల్లాలో పాలకీడు అను మండలము కలదు. 2016 అక్టోబరు 11వ తేదీన క్రొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు నేరేడుచర్ల మండలమునుండి విడదీసి దీనిని వేరు మండలముగా చేసిరి. దక్షిణమున కృష్ణానది, ఏటికి ఆవలిగట్టు ఆంధ్రదేశము. సాగరు ఎడమకాలువ నీరు పారినచోట వరి పండును. సున్నపురాతి నేల యగుటచే సిమెంటు కర్మాగారములును వెలసినవి. లంబాడీ తండాలు పెక్కు గలవు. జాన్‌పహాడు దర్గా ఉర్సునకు ఏటేట హిందువులు, ముసల్మానులు అను భేదము లేక జనము వచ్చి మ్రొక్కుబడులు చెల్లించుకొని పోవుదురు. మ్రొక్కుకొన్నది తీర్పకున్న కీడు కలుగునని భయపడువారు మనవారు. ఆ భయము ఓట్లు మ్రొక్కువారికి ఏల లేదో తెలియదు.

ఈ మండలము హుజూర్‌నగర్ నియోజకవర్గములోని యేడు మండలములలో నొకటి. ఇచ్చటి ఓటరుల మనస్సు ఎట్లు మారినదో చూడుడు. 2018 డిసెంబరు ఎన్నికలో కాంగ్రెసు అభ్యర్థి ఉత్తమ్‌కుమార్ రెడ్డిగారు 7 వేల చిల్లర ఓట్ల తేడాతో గెలిచిరి. వారు లోక్‌సభకు ఎన్నికై పోగా 2019 అక్టోబరులో ఉపయెన్నిక వచ్చినది. అందు తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థి సైదిరెడ్డిగారు 43 వేలకు పైబడిన తేడాతో గెలుపొందిరి. ఫలితము వచ్చిన రెండు దినములకే, అక్టోబరు 26న, నాటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావుగారు హుజూర్‌నగరులో కృతజ్ఞతాసభ చేసి, ప్రతి గ్రామపంచాయతికి 20 లక్షలు, ప్రతి మండల కేంద్రమునకు 30 లక్షలు, హుజూర్‌నగర్ పురపాలక సంఘమునకు 25 కోట్లు, నేరేడుచర్లకు 15 కోట్లు అని ప్రకటించిరి. నాలుగేండ్లు గడిచినవి. 2023 నవంబరు 30న జరిగిన ఎన్నికలో మరల ఉత్తమ్‌కుమార్ రెడ్డిగారే 44 వేలకు పైబడిన తేడాతో గెలిచిరి. అవే ఊళ్ళు, చాలవరకు అవే చేతులు. ఇటునుండి అటు, అటునుండి ఇటు జరిగిన యీ వేలమంది ఏ పక్షమునకును శత్రువులు కారు. నిన్న ఒకరిని నమ్మినవారే నేడు వేరొకరిని నమ్మిరి.

2023లో వారు నమ్మిన మాట యేది? ఆ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన హైదరాబాదు సమీపమున తుక్కుగూడలో జరిగిన బహిరంగసభలో శ్రీమతి సోనియాగాంధీగారు ఆరు గ్యారంటీలను ప్రకటించిరి. నవంబరు 17న "అభయహస్తము" అను పేరుతో ఎన్నికల ప్రణాళిక వెలువడినది. ఆరింటిలో మొదటిది "మహాలక్ష్మి". అందు మూడు అంశములు: స్త్రీలకు నెలకు 2,500 రూపాయలు, 500 రూపాయలకు గ్యాసు బండ, ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము. ఇవి గాక పింఛను 4,000 రూపాయలకు పెంచుట, పెండ్లికూతురికి లక్ష రూపాయలతోబాటు తులము బంగారము ఇచ్చుట మొదలగునవి ఇంకను కలవు. గ్యారంటీలన్నియు నూరు దినములలో అమలగునని చెప్పిరి. నాయకులు సంతకములు చేసిన గ్యారంటీ కార్డులు ఇంటింటికి పంచబడినవి.

ఇచ్చట మీరు కొంచెము నిలిచి యోచింపవలెను. మాట తుక్కుగూడ వేదికపై పుట్టినను, పాలకీడు వంటి యూరిలో దానిని గడపగడపకు మోసినది వేదికపైనున్న నాయకుడు కాదు. ఆ యూరి స్త్రీయే మోసినది. పొదుపు సంఘములో నలుగురును నమ్మెడు ఇల్లాలు, నాట్లకు కూలీలను కూడగట్టుకొని పోయెడు అక్క, అంగన్‌వాడీ దగ్గర పిల్లలకొరకు నిలిచియుండగా మాటలు కలిపెడు వదినె — వీరు చెప్పిరి గనుకనే తక్కినవారు నమ్మిరి. హైదరాబాదు నాయకుని వీరెవ్వరును ఎరుగరు. పక్కింటి యక్కను ఎరుగుదురు. ఆమె ఎన్నడును చీటిసొమ్ము ఎగవేయలేదని ఎరుగుదురు.

పొదుపు సంఘములలోనున్న మన సోదరీమణులకు జామీను అననేమో నేను చెప్పనక్కరలేదు. పది పదునైదుగురు స్త్రీలు ఒక సంఘమై, ఒకరి యప్పునకు తక్కినవారు పూచీపడుటవలననే బ్యాంకి వారికి అప్పిచ్చుచున్నది. ఒకతె కిస్తీ కట్టనినాడు తక్కినవారు కొంగుముడి విప్పవలసినదే. ఎన్నికల మాటకును ఇట్టి జామీనే జరిగినది. కాగితము మాత్రము లేదు. నాయకుడు బాకీ తీర్పనినాడు ఆయనను అడుగుటకు పాలకీడు ఆడువారు హైదరాబాదు పోజాలరు. వారు అడుగునది జామీను నిలిచిన పక్కింటి యక్కనే. నల్లా దగ్గరనో, నాట్ల గట్టుపైననో, "అక్కా, నువ్వు చెప్తివి గదా, ఆ పైసలు ఎప్పుడు పడ్తయ్?" అని యడుగుదురు. నవ్వుచునే యడుగుదురు. ఆ నవ్వునకు ఆమెయొద్ద జవాబు లేదు. ఎన్నికలలో అభిమానుల నిరాశ యనునది ఇదియే. పత్రికలలో వ్రాయు "వ్యతిరేక పవనములు" కావు.

ఆడిన మాటలు కొన్ని చెల్లినవి. చెల్లినవానిని చెల్లినవని చెప్పనిచో చెల్లనివానిని అడుగుటకు మనకు నోరు రాదు. 2023 డిసెంబరు 7న రేవంత్ రెడ్డిగారు ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసిరి. 9వ తేదీననే స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణము మొదలయినది. ఆసుపత్రి పనిమీద మిర్యాలగూడకో, సూర్యాపేటకో పోవలసిన స్త్రీ ఇంటిలో డబ్బు అడుగక బస్సెక్కుట చిన్న సంగతి కాదు. బస్సే రాని తండాలో మాత్రము ఉచితము వినుటకే గాని ఎక్కుటకు పనికిరాదు. 2024 ఫిబ్రవరి 27న 500 రూపాయల గ్యాసు బండయు, నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తును ప్రారంభించిరి. గ్యాసు విషయమున ఒక మెలిక యున్నది: మొదట పూర్తి వెల మనమే చెల్లింపవలెను, పై సొమ్ము తరువాత బ్యాంకి ఖాతాలో పడును. అది పడినదో లేదో చూచుకొనుట మరియొక పని. రైతుల పంట ఋణములు రెండు లక్షల వరకు 2024 జులై 18, జులై 30, ఆగస్టు 15 తేదీలలో మూడు విడతలుగా మాఫీ చేసిరి. రెండు లక్షలు దాటినవారు పై సొమ్మును ముందు తామే కట్టుకొనవలెననిరి. 2025 ఉగాదినాడు, మార్చి 30న, రేషను దుకాణములలో సన్నబియ్యము పంపిణీని ముఖ్యమంత్రిగారు ఈ హుజూర్‌నగరులోనే ప్రారంభించిరి. ఆ శాఖ చూచు మంత్రి ఈ నియోజకవర్గపు ఉత్తమ్‌కుమార్ రెడ్డిగారే. దొడ్డుబియ్యము నమ్ముకొని సన్నబియ్యము కొనితెచ్చుకొనెడు ఇంటికి ఇది నిజమైన మేలు.

నెలకు 2,500 మాట యేమయినది? నూరు దినములు 2024 మార్చి నడుమ నిండినవి. 2025 మార్చి 19న శాసనసభలో మూడు లక్షల నాలుగు వేల కోట్లకు పైబడిన బడ్జెటు పెట్టిరి. ఆనాటికిని ఆ నెలసరి సొమ్ము ఒక్క స్త్రీ ఖాతాలోనైనను పడలేదు. పింఛను 2,016 దగ్గరనే యుండెను. తులము బంగారము ఊసే లేదు.

బియ్యము ఎసటిలో పోయుటకు ముందు ఎందరు తినువారో లెక్కించుకొనుట మన వాడుక. ఈ మాటకును అట్టి లెక్క వేసి చూతము. నెలకు 2,500 అనగా ఏటికి 30,000. రాష్ట్రమున స్త్రీ ఓటరులు కోటిన్నరకు పైగా గలరు. అందరికిని గాక 50 లక్షల మందికే ఇచ్చినను ఏటికి 15,000 కోట్లు. కోటిమందికి ఇచ్చినచో 30,000 కోట్లు. అనగా రాష్ట్ర బడ్జెటులో పదియవ వంతు. ఈ గుణకారమునకు అర్థశాస్త్రము అక్కరలేదు. ఐదవ తరగతి పిల్ల చేయగలదు. తుక్కుగూడ సభనాడు వేదికపైనున్న పెద్దలలో ఒక్కరైనను దీనిని చేయకుందురా? చేసియే చెప్పిరనిన యొక తప్పు. చేయక చెప్పిరనిన మరియొక తప్పు. రెండింటిలో ఏది పెద్దదో నేను తేల్పలేను.

అధికారములోనికి వచ్చినవారు చెప్పెడు సమాధానము ఒకటి కలదు. పూర్వ ప్రభుత్వము ఖజానాను అప్పులపాలు చేసినదనియు, మొత్తము అప్పు 6 లక్షల 71 వేల కోట్లకు మించినదనియు 2023 డిసెంబరు 20న శాసనసభలో శ్వేతపత్రము పెట్టిరి. అప్పు పెద్దదియే, కాదనుటకు వీలులేదు. కాని బడ్జెటు పత్రములు ఏటేట శాసనసభ ముందు పెట్టబడునవియే. ఎన్నికలకు ముందు ఆ యప్పునే చూపి నాటి ప్రభుత్వమును తూర్పారబట్టినవారు, గెలిచిన పిమ్మట దానిని క్రొత్తగా కనుగొన్నట్లు చెప్పుట వినుటకు ఇంపుగా లేదు. సంబంధము కలుపుకొనునాడు ఇంటి యప్పు తెలిసియుండియు, పెండ్లి అయిన తరువాత కోడలితో "మాకు అప్పులున్నవి" అని చెప్పెడు అత్తవారి వంటిదే ఇది.

మాట యిచ్చునాడే డబ్బు దారి చూపవలెననెడు నియమము దేశమున లేకపోలేదు. తమిళనాట కలరు టెలివిజనులు మొదలగునవి పంచుటపై వచ్చిన వ్యాజ్యెములో 2013 జులైలో సుప్రీము కోర్టు తీర్పు చెప్పుచు, ప్రణాళికలోని వాగ్దానములు చట్టప్రకారము అవినీతి చర్య కావనినది; అయినను వానికి మార్గదర్శకములు చేయుమని ఎన్నికల సంఘమును ఆజ్ఞాపించినది. ఎన్నికల సంఘము తన ప్రవర్తనా నియమావళిలో, వాగ్దానమునకు హేతువును, దానికి వలయు ధనమును సమకూర్చు మార్గమును స్థూలముగానైనను ప్రణాళికలో చూపవలెనని చేర్చినది. ఈ నియమమును మీరినవారికి శిక్ష యేమియు లేదు. అందుచేత అన్ని పక్షములవారును దీనిని మడిచి పెట్టెలో దాచిరి.

ఈ నిరాశ ఒక్క పక్షముతో వచ్చినది కాదు. 2014లో భూమిలేని దళిత కుటుంబమునకు మూడెకరములు ఇచ్చెదమనిరి; ఆ యేడు ఆగస్టు 15న గోలకొండ కోటలో పథకము మొదలుపెట్టిరి. భూమిని ఇంటి స్త్రీ పేర వ్రాయవలెననుట అందలి గొప్ప మాట. భూమిలేని కుటుంబములు లక్షలలో నుండగా కొన్ని వేలకు మాత్రమే భూమి దక్కినది. 2018లో నిరుద్యోగులకు నెలకు 3,016 రూపాయల భృతి యనిరి. అది రానే లేదు. "అభయహస్తము" అను పేరు సయితము మన స్త్రీలకు క్రొత్తది కాదు. ఉమ్మడి రాష్ట్రమున 2009లో పొదుపు సంఘముల స్త్రీలకు ఆ పేరనే పింఛను పథకము వచ్చెను. స్త్రీ దినమునకొక రూపాయి కట్టిన ప్రభుత్వమొక రూపాయి కలుపును. అరువదియేండ్లు నిండిన పిమ్మట నెలకు కనీసము 500 వచ్చును. రాష్ట్రము విడిపోయిన తరువాత తెలంగాణములో అది యాగిపోయినది. ఆ పేరు మరల గోడలపై చూచినప్పుడు, రూపాయి రూపాయి కట్టిన ముసలమ్మలకు ఏమి జ్ఞప్తికి వచ్చియుండునో పేరు పెట్టినవారు తలచినట్లు లేదు.

ఇంకను వెనుకకు పోయిన దూబగుంట యున్నది. 1992లో నెల్లూరు జిల్లాలోని ఆ పల్లెలో స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట అంటుకొన్నది. 1993లో సారా నిషేధము వచ్చినది. ఎన్.టి. రామారావుగారు సంపూర్ణ మద్యనిషేధము చేసెదనని 1994 ఎన్నికలలో మాట యిచ్చి, 1995 జనవరి 16 నుండి దానిని చెల్లించుకొనిరి. 1997లో వారి పక్షపు ప్రభుత్వమే దానిని సడలించినది. ఖజానాకు రాబడి లేదనిరి. చెల్లించిన మాటను సయితము తిరిగి తీసికొనవచ్చునని మన తల్లులు అప్పుడే చూచిరి.

పాలకీడు స్త్రీలు ఆ 2,500 మాటను అంత గట్టిగా నమ్ముటకు కారణము లేకపోలేదు. పొరుగు కర్ణాటకములో అదే పక్షమువారు ఇంటి యజమానురాలికి నెలకు 2,000 ఇచ్చెదమని చెప్పి గెలిచి, 2023 ఆగస్టు 30న మైసూరులో ఆ పథకమును ప్రారంభించిరి. దానిపేరు "గృహలక్ష్మి". అచ్చట కిస్తీలు ఆలస్యమగుచున్నవని తరువాత మొరలు వచ్చినవి గాని, డబ్బు స్త్రీల చేతికి వచ్చినమాట నిజము. అది జరిగిన మూడు వారములకే తుక్కుగూడ సభ. అచ్చట రెండువేలు ఇచ్చినవారు ఇచ్చట రెండున్నర వేలు ఇయ్యరా యనుకొనుట అమాయకత్వము కాదు. సాక్ష్యము చూచి నమ్ముటయే. కృష్ణకు ఆవలి గట్టున 2024లో స్త్రీలకు నెలకు 1,500 అని వేరొక పక్షమువారు చెప్పిరి. అచ్చటను ఉచిత బస్సు 2025 ఆగస్టు 15న వచ్చినది గాని, అప్పటికి ఆ నెలసరి సొమ్ము రాలేదు. ఏటికి రెండు గట్లనున్న వియ్యపురాండ్రు కలిసినప్పుడు ముచ్చటించుకొనుటకు ఇదొకటి దొరికినది.

ఓటరులైన స్త్రీలను ఆశపోతులనియు, ఉచితములకు అమ్ముడుపోయిరనియు పట్టణములలో కొందరు ఈసడింతురు. వారి మాట నాకు మింగుడుపడదు. స్త్రీ ఇంటిలో చేయు చాకిరికి నెలజీతము లేదు. వరినాట్లలో నడుము వంచినది ఆమె. ధాన్యము డబ్బు పడునది పట్టాదారు ఖాతాలో. తన పేర, తన ఖాతాలో, ఎవరిని అడుగనక్కరలేక నెలనెల వచ్చు సొమ్ము ఇదియే మొదటిది కావలసియుండెను. పిల్లవాని ఫీజుకో, బి.పి. మాత్రలకో, సంఘము కిస్తీకో దానిని మనసులోనే విడివిడిగా పంచిపెట్టుకొన్న ఇల్లాండ్రు ఎందరు లేరు! రాని సొమ్మును నమ్మి వడ్డీకి తెచ్చినవారును ఉండియుందురు. దానిని ఆశపోతుతనమనుట తగదు.

2023 డిసెంబరు 28 మొదలు 2024 జనవరి 6 వరకు "ప్రజాపాలన" పేర ఊరూర అర్జీలు తీసికొనిరి. రాష్ట్రమున కోటికి పైగా అర్జీలు వచ్చినవి. ఒకే అర్జీలో మహాలక్ష్మి, రైతుభరోస, గృహజ్యోతి, ఇందిరమ్మ ఇండ్లు, చేయూత అను ఐదింటికిని గడులుండెను. 2,500 గడిలో గుర్తు పెట్టని స్త్రీ యుండదు. అర్జీకి రసీదు ఇచ్చిరి. మరల 2025 జనవరి 21 నుండి 24 వరకు గ్రామసభలు పెట్టి, రేషను కార్డులకు, ఇండ్లకు, భూమిలేని కూలీలకు ఏటికి 12,000 ఇచ్చు పథకమునకు పేర్లు చదివిరి. పేరు లేనివారు పెక్కు ఊళ్ళలో సభలలోనే లేచి యడిగిరి. మరల అర్జీ పెట్టుడని అధికారులు చెప్పిరి. ఇచ్చట నాకు తోచినది ఒకటి: ఆ సభలలో గట్టిగా అడిగినవారిని ప్రతిపక్షమువారని త్రోసివేయుట సులభము. ఓటు వేసినవారే, ఓటు వేయించినవారే లేచి యడిగినచో త్రోసివేయుటకు వీలుపడదు. జామీను నిలిచిన యక్క సిగ్గుపడి ఇంటిలో కూర్చుండనక్కరలేదు. నాయకుని పక్షమున సాకులు వెదకిపెట్టనక్కరలేదు. అడుగుటకు మొదటి హక్కు ఆమెదే. ఇరుగుపొరుగువారు ఆమెను దెప్పుట మాని, ఆమెతో కలిసి పోవుట మేలు.

ఏమని యడుగవలెనని కొందరు సోదరీమణులు సందేహింపవచ్చును. "ఎప్పుడు ఇత్తురు?" అని యడిగిన "త్వరలో" అను జవాబే వచ్చును. అంతకంటె, మా గ్రామమునుండి మహాలక్ష్మి 2,500కు వచ్చిన అర్జీలెన్ని, వానిని ఏ తేదీన ఏ కార్యాలయమునకు పంపిరి, ఇపుడవి ఎవరియొద్ద నున్నవి, ఎవరెవరు అర్హులో తేల్చుటకు వచ్చిన ఉత్తరువు ఏది, అని యడుగుడు. తెలంగాణ పంచాయతిరాజ్ చట్టము, 2018 ప్రకారము గ్రామసభ రెండు నెలలకొకమారు జరుగవలెను. అచ్చట నోటితో అడిగి, తీర్మానపు పుస్తకములో వ్రాయించుడు. జవాబు రానిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద తెల్లకాగితముపై తెలుగులోనే వ్రాసి యియ్యవచ్చును. సంఘములోని పదిమందియు ఒకే ప్రశ్నను వేరువేరు కాగితములపై, ఎవరి రసీదు సంఖ్య వారు వేసి, వ్రాసి యిచ్చుట మంచిది. గ్రామస్థాయిలో రుసుము లేదు. మండల కార్యాలయమునకు 5 రూపాయలు, పై కార్యాలయములకు 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారు అదియు కట్టనక్కరలేదు. 30 దినములలో జవాబు ఇయ్యవలెను. కాగితము ఇచ్చిన తేదీని, తీసికొన్నవారి సంతకమును రెండవ ప్రతిమీద వేయించుకొనుట మరువకుడు.